ముందు గీత చూడండి, తేదీ తర్వాత: పాత ఎన్‌గ్రేవింగులపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ గోడకు తగిలించుకునే పాత ఎన్‌గ్రేవింగుల మీదే. రాగి పలక మీద చెక్కి, కాగితం మీద అచ్చు తీసిన పూలు, పక్షులు, శిథిలాలు, నగర దృశ్యాలు అన్నమాట. వీటిలో ఏది ఆ కాలంలోనే అచ్చయింది, ఏది తర్వాత ఎవరో తీసిన నకలు అన్నదే అందరి సందేహం. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేసి, పెద్దవాటిని కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: మా అత్తగారి సామాన్లలో ఒక గులాబీ బొమ్మ దొరికింది. పాత ఫ్రేము, కాగితం బాగా గోధుమరంగుకి తిరిగింది. కింద ఎడమవైపు పి.జె. రెడూటే అని, కుడివైపు లాంగ్లోవా అని చిన్న ఫ్రెంచి అక్షరాలు ఉన్నాయి. రెండు వందల ఏళ్ల నాటిదని నమ్మొచ్చా?

జవాబు: ముందు ఫ్రేము సంగతి మర్చిపోండి. ఫ్రేముకీ బొమ్మకీ వయసు ఒకటే కావాలని లేదు, ఈమధ్య అచ్చయిన కాగితాన్ని పాత ఫ్రేములో పెట్టడం ఎంతసేపు! పేర్లని కూడా కాసేపు పక్కన పెట్టండి, అసలు ప్రింటుని ఫొటో తీసి అచ్చు వేస్తే ఆ పేర్లూ వచ్చేస్తాయి కదా. పదింతలు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఒకటి సంపాదించండి, నగల పనివాళ్లు కంటికి పెట్టుకునేది అయినా సరిపోతుంది. బొమ్మని ఫ్రేములోంచి జాగ్రత్తగా తీసి, మంచి వెలుతురులో పెట్టి, మొదట ఒక ఆకుని చూడండి.

రెడూటే (పూల బొమ్మలకు పేరుపడ్డ చిత్రకారుడు, లాంగ్లోవా ఆ బొమ్మని పలక మీద చెక్కినవాడు) విషయంలో చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. చుక్కలు కనిపిస్తే నకలే అని ఎక్కడో విని ఉంటారు, చుక్కలు కనపడగానే ఆశ వదిలేసుకుంటారు. కానీ ఆయన గులాబీల పుస్తకం (1817 నుంచి 1824 వరకు పారిస్‌లో భాగాలుగా వెలువడింది) స్టిపుల్ పద్ధతిలో చెక్కించింది. గీతలకు బదులు సన్నని చుక్కలతో నీడా వెలుగూ తెచ్చే పద్ధతి అది. అంటే అసలు ప్రింటులోనూ చుక్కలే, ఈ కాలపు నకలులోనూ చుక్కలే! మీరు చూడాల్సింది చుక్క తీరు. అసలు దానిలో ఆకు మీది చుక్క ఆకుపచ్చ సిరాతోనే పడి ఉంటుంది, పువ్వు మీది చుక్క గులాబీ సిరాతో పడి ఉంటుంది. ఎందుకంటే ఒకే పలక మీద ఒక్కో భాగానికి ఒక్కో రంగు సిరా అద్ది, ఒకేసారి అచ్చు తీసి, ఆ తర్వాత కుంచెతో మెరుగులు దిద్దేవారు. చుక్కలన్నీ ఒక సైజులో ఉండవు, ఆకు వంపుని అనుసరించి నడుస్తాయి, నీడలో దగ్గరపడి వెలుగులో పలచబడి అంచు దగ్గర మాయమవుతాయి. ఆఫ్‌సెట్ (ఈ కాలపు పుస్తకాలు, కాలెండర్లు వేసే యంత్రపు అచ్చు) నకలులో చుక్కలు ఆకునీ పువ్వునీ పట్టించుకోవు. కాగితమంతా ఒకే గళ్ల వరసలో ఉంటాయి, ఆకుపచ్చగా కనిపించే చోట దగ్గరగా చూస్తే నీలం చుక్కా పసుపు చుక్కా పక్కపక్కన, అక్కడక్కడ ఒకదాని మీద ఒకటి పడి, చిన్న చిన్న గుండ్రటి పూలలా కనిపిస్తాయి. ఇంక్‌జెట్ ప్రింటు అయితే గళ్లు కూడా ఉండవు, రకరకాల రంగుల తుంపర చల్లినట్టుంటుంది.

ఇప్పుడు భూతద్దాన్ని బొమ్మ లేని చోటికి, ఆ గోధుమరంగు ఖాళీ కాగితం మీదికి తీసుకెళ్లండి. నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే. పాత ప్రింటుని ఫొటో తీసినప్పుడు దాని మరకలు కూడా ఫొటోలో పడతాయి, కాబట్టి నకలులో మరక కూడా అచ్చయిన మరకే. పసుపు, ఎరుపు చుక్కలు ఖాళీ జాగాలో సైతం పరుచుకుని ఉంటే ఇక వెతకాల్సిన పనిలేదు. కాగితం వెనక్కి తిప్పి చూస్తే ముందున్న మరక వెనక ఉండదు కూడా. నిజంగా వయసు మీదపడ్డ కాగితంలో మరక పోగుల్లోకి దిగి రెండోవైపు కూడా తెలుస్తుంది. ఫ్రేములో మౌంటు బోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) కప్పిన అంచు ఒక రంగు, వెలుతురు తగిలిన మధ్యభాగం ఇంకో రంగు అవుతుంది. కాగితమంతా ఒకే సమానమైన టీ రంగులో ఉంటే అనుమానించండి, టీలోనో కాఫీలోనో ముంచి తీసినా అలాగే వస్తుంది.

అక్షరాలు కూడా చూడండి. పలక మీద చెక్కిన అక్షరానికి అంచు తేటగా, గీత ఒకచోట సన్నగా ఒకచోట లావుగా ఉంటుంది. నకలులో అక్షరం అంచులు చాలాసార్లు చుక్కలుగా విరిగి ఉంటాయి. ఆ పుస్తకం పలకల మీద మధ్యలో రెమోన్ ముద్రణాలయం పేరు ఉంటుంది. మీ దాని మీద ఉంటే సంతోషమే, కానీ చుక్కల పరీక్ష నెగ్గాకే దానికి విలువ.

ప్రశ్న: బొమ్మ చుట్టూ కాగితం నొక్కుకుపోయిన చతురస్రపు గుర్తు ఉంటే అది అసలుదే అని ఒకాయన చెప్పాడు. నిజమేనా?

జవాబు: సగం నిజం. ఆ గుర్తుని ప్లేట్ మార్క్ అంటారు. తడిపిన కాగితాన్ని సిరా పట్టించిన రాగి పలక మీద పరిచి, రెండు రోలర్ల మధ్య గట్టి ఒత్తిడితో నడిపిస్తారు, అప్పుడు పలక అంచు కాగితంలో దిగబడుతుంది. పలక అంచుల్ని ఏటవాలుగా అరగదీస్తారు కాబట్టి గుర్తు కూడా కొంచెం వాలుగా, మూలలు చేత్తో అరగదీసినట్టు ఉంటాయి. ఆ వాలు మీద తుడవగా మిగిలిన సిరా జాడ సన్నగా కనబడటం కూడా మామూలే. లోపలి కాగితం బయటి దానికంటే నునుపుగా తగులుతుంది.

ఈ సంగతి నకళ్లు వేసేవాళ్లకీ తెలుసు. లితో (రాతి అచ్చు) గానీ ఆఫ్‌సెట్ గానీ వేసి, పైన ఒక ఖాళీ పలకతో నొక్కి దొంగ ప్లేట్ మార్క్ వేయడం పందొమ్మిదో శతాబ్దం నుంచే ఉంది. అలాంటి గుర్తు మరీ పదునుగా, నాలుగు మూలలూ ఒకే అచ్చు గుద్దినట్టు ఉంటుంది, సిరా జాడ ఉండదు. ఇంకోపక్క, నిజమైన పాత ప్రింట్లకే ఆ గుర్తు లేకపోవచ్చు, ఎందుకంటే బైండింగు చేసేటప్పుడు అంచులు కత్తిరించేశారు. చెక్క మీద చెక్కిన వాటికీ, 1798 ప్రాంతంలో జెనెఫెల్డర్ కనిపెట్టిన రాతి అచ్చు లితోగ్రాఫ్‌కీ అసలు ఆ గుర్తే రాదు. ప్లేట్ మార్క్ ఉంది కదా అని కొనకండి, లేదని వదిలేయకండి.

ప్రశ్న: నా దగ్గరున్న ప్రింటు కింద 1795 అని స్పష్టంగా అచ్చయి ఉంది. ఇంక సందేహం ఎందుకు?

జవాబు: ఆ తేదీ పలక తేదీ, మీ కాగితం తేదీ కాకపోవచ్చు. ఇంగ్లండులో హోగార్త్ లాంటి చిత్రకారులు పోరాడి తెచ్చుకున్న 1735 చట్టం ప్రకారం, ఇతరులు నకలు చేయకుండా ఆపే హక్కు కావాలంటే పలక మీద తేదీ, హక్కుదారు పేరు ఉండాలి. అందుకే ఆ కాలపు ఇంగ్లీషు ప్రింట్ల కింద ఫలానా రోజున ప్రచురించాం అనే వరస కనిపిస్తుంది. పలక అరిగేదాకా, అరిగాక మళ్లీ చెక్కి సరిచేసి కూడా, ఏళ్ల తరబడి అదే తేదీతో అచ్చులు తీసుకోవచ్చు.

దీనికి పిరనేసీ కంటే మంచి ఉదాహరణ లేదు. రోమ్ దృశ్యాలు చెక్కిన ఆయన 1778లో చనిపోయాడు. కొడుకులు ఆ పలకల్ని పారిస్ తీసుకెళ్లి అచ్చు వేశారు, 1830ల్లో ఫిర్మాన్ దీదో సంస్థ మళ్లీ వేసింది, ఆ తర్వాత పలకలు రోమ్‌కి తిరిగొచ్చి పోపు ముద్రణశాలకు చేరాయి, అక్కడా అచ్చులు తీశారు. ఇవన్నీ పిరనేసీ చేత్తో చెక్కిన పలక నుంచి వచ్చినవే, వీటిని నకళ్లు అనలేం. కానీ ఆయన బతికుండగా తీసిన అచ్చుకీ, పలక అరిగాక తీసిన అచ్చుకీ పోలిక లేదు. మొదటి దానిలో గీత తేటగా, నీడల్లో కూడా ఏ గీతకా గీత విడివిడిగా కనిపిస్తుంది, చివరి వాటిలో సన్నగీతలు మాయమై ఆకాశం బోసిపోతుంది, లేదా పలక లోతు పెంచడం వల్ల నల్లగా మొద్దుబారుతుంది. కొన్ని తొలి అచ్చుల అంచున ఆయన చిరునామా, ధర కూడా చెక్కి ఉండేవి, పారిస్ అచ్చుల్లో వాటి బదులు వరుస నంబరు కనిపిస్తుంది. ఇలాంటి చిన్న చిన్న మార్పుల్నే స్టేట్ అంటారు. మీ దగ్గరున్నది ఏ స్టేటో తెలియడమంటే ఆ పలక జీవితంలో మీ కాగితం ఎక్కడ పుట్టిందో తెలియడమే.

తేదీ కంటే కాగితాన్ని నమ్మండి. కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే, పాత చేతి కాగితంలో దగ్గర దగ్గరగా సన్న గీతలు, వాటికి అడ్డంగా రెండు మూడు సెంటీమీటర్లకొకటి చొప్పున గీతలు కనిపిస్తాయి. గీతల్లేని నున్నటి కాగితాన్ని ఇంగ్లండులో వాట్‌మన్ మిల్లు 1750ల్లో తెచ్చింది. కాబట్టి 1650 నాటిదని చెప్పే ప్రింటు నున్నటి కాగితం మీద ఉంటే అది తర్వాతి అచ్చో, నకలో. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కాగితాల వాటర్‌మార్కులో (వెలుతురుకి ఎత్తితే కనిపించే మిల్లు గుర్తులో) సంవత్సరం కూడా మొదలైంది. బొమ్మ కింద 1795 ఉండి, వాటర్‌మార్కులో 1821 ఉంటే, ఆ అచ్చు 1821 కంటే ముందు తీసింది కాదు. ఒక అతినీల లోహిత టార్చి దొరికితే చీకటి గదిలో కాగితం మీద వేయండి, కాగితం తెల్లగా, నీలంగా జిగేల్మంటే దానిలో 1950 ప్రాంతం నుంచి వాడుతున్న తెలుపుమందు ఉందన్నమాట. ఉతికి బాగుచేసిన పాత కాగితం అరుదుగా అలా మెరవొచ్చు గానీ, మెరిసినప్పుడు మాత్రం వెంటనే కొనకండి.

ప్రశ్న: భూతద్దంలో చూస్తే చుక్కల గళ్లు ఏవీ లేవు, ప్లేట్ మార్క్ ఉంది, సిరా వేలికి తగులుతోంది. అయినా అమ్మినాయన ఇది ఫొటోగ్రావ్యూర్ అంటున్నాడు. తికమకగా ఉంది.

జవాబు: ఆయన నిజాయితీపరుడు, పోగొట్టుకోకండి. నకళ్లలో కష్టమైనది ఇదే. ఫొటోగ్రావ్యూర్‌లో ఫొటో సాయంతో రాగి పలకనే యాసిడ్‌తో తొలుస్తారు, తర్వాతి పని అంతా పాత పద్ధతే: సిరా, తడి కాగితం, రోలర్లు. అందుకే ప్లేట్ మార్క్ కూడా నిజమైనదే వస్తుంది. 1879లో కారెల్ క్లీచ్ ఈ పద్ధతిని మెరుగుపరిచాక పాత చిత్రాల నకళ్లు ఎంతో అందంగా వచ్చాయి.

పట్టుకునే దారి గీత కొస. ఉలితో, అంటే బ్యూరిన్‌తో చెక్కిన గీత సన్నగా మొదలై, చెయ్యి బరువుతో లావై, మళ్లీ సన్నగా సూదిమొనలా ముగుస్తుంది. యాసిడ్‌తో తొలిచిన ఎచింగ్ గీత కొస మొద్దుగా, గుండ్రంగా ఆగుతుంది. ఫొటోగ్రావ్యూర్‌లో ఉలి గీత కూడా అంచులు కొంచెం ముక్కలై, దాని లోపలా చుట్టూ సన్నటి ఇసుక రేణువుల్లాంటి గరుకు కనిపిస్తుంది. ఆ రేణువు ఖాళీ జాగాలోకి పాకి, తెల్లగా ఉండాల్సిన చోట పలచటి బూడిదరంగు పొరలా కూడా ఉండొచ్చు. అసలుదానిలో లావు గీతకీ సన్న గీతకీ సిరా ఎత్తులో తేడా ఉంటుంది, పక్కనుంచి టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది. ఇక్కడ అన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. మొదట్లో కనపడదు. తప్పకుండా అసలుదని తెలిసిన ఏదైనా చిన్న ప్రింటు, బొమ్మ ఏదైనా పర్లేదు, చిరిగిందైనా పర్లేదు, పక్కన పెట్టుకుని రెండిటినీ మార్చి మార్చి చూస్తుంటే కన్ను అలవాటు పడుతుంది. పుస్తకాలు ఎన్ని చదివినా రానిది అలా వస్తుంది.

వెనక వైపు కూడా చూడటం మరవకండి. 1870ల్లో ఫ్రాన్సులో అమాన్-దురాన్ అనే ఆయన డ్యూరర్, రెంబ్రాంట్ లాంటి పాత మహాచిత్రకారుల ప్రింట్లకి చాలా దగ్గరి పోలికతో నకళ్లు తీసి, వాటి వెనక ఎర్రటి ముద్ర కొట్టాడు. బెర్లిన్ ప్రభుత్వ ముద్రణాలయం నకళ్ల వెనక కూడా ముద్ర ఉంటుంది. వాళ్లు మోసం చేయలేదు. ఆ ముద్ర గీకేసిన జాడ ఉంటే, ఆ చోట కాగితం పలచబడి ఉంటే, మోసం తర్వాత ఎవరో చేశారు.

ప్రశ్న: మ్యూజియం బొమ్మలో చెట్టు ఎడమవైపు ఉంది, నా దానిలో కుడివైపు ఉంది. అచ్చు తప్పా?

జవాబు: కాదు, అది చేత్తో చేసిన నకలు అయ్యుండే అవకాశం ఎక్కువ. ప్రింటు చూసి పలక మీద ఉన్నదున్నట్టు చెక్కితే, అచ్చు తీసినప్పుడు తిరగబడుతుంది. ఓపిక ఉన్న నకలుదారు అద్దంలో చూసి తిప్పి చెక్కేవాడు, లేనివాడు అలాగే వదిలేసేవాడు. ఇలాంటివి పాతవే అయ్యుండొచ్చు, అసలు వచ్చిన కొన్నేళ్లకే చేసినవీ ఉంటాయి, వాటిని నేను ఇష్టంగా దాచుకుంటాను. ఇటలీ చెక్కుడు కళాకారుడు మార్కాంటోనియో రైమోండీ డ్యూరర్ చెక్క అచ్చుల వరసని రాగి మీద నకలు చేసి డ్యూరర్ సంతకం గుర్తు కూడా చెక్కేశాడు. డ్యూరర్ వెనిస్‌లో ఫిర్యాదు చేశాడని చిత్రకారుల జీవితాలు రాసిన వసారి చెప్పాడు. ఈరోజు ఆ నకళ్లకి కూడా మ్యూజియాల్లో చోటుంది.

తిరగబడకపోయినా తేలికైన పరీక్ష ఒకటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రిక్స్ మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తమ ప్రింట్ల పెద్ద ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టాయి. ఒక చిన్న మూల, ఏ చెప్పుల మడమో, మేఘం అంచో ఎంచుకుని, గీతకి గీత లెక్కపెట్టి పోల్చండి. ఎంత గొప్ప నకలుదారైనా అక్కడ ఒక గీత తప్పిపోతాడు. పలక కొలత కూడా సరిచూడండి, తడి కాగితం ఆరి కుంచించుకుంటుంది కాబట్టి కొద్ది మిల్లీమీటర్ల తేడా లెక్కలోకి రాదు, సెంటీమీటర్లలో తేడా ఉంటే మాత్రం వేరే పలకే.

ప్రశ్న: నలుపు ప్రింటుకి చేత్తో రంగులు వేసి ఉన్నాయి. రంగు కూడా పాతదేనా?

జవాబు: ప్రింటు పాతదై, రంగు మొన్నటిది కావడం చాలా మామూలు, అందం కోసం వేసి అమ్ముతారు. ఆకుపచ్చని చూడండి. పాత రోజుల్లో రాగి నుంచి తీసిన ఆకుపచ్చ వాడేవారు, అది కాలంతో కాగితాన్ని తినేస్తుంది, వెనక్కి తిప్పితే ఆ ఆకారంలోనే గోధుమరంగు నీడ కనిపిస్తుంది. కొత్త రంగు అయితే పాత మడత చీలికల్లోకి, గీకుడుపడ్డ చోట్లకి ఇంకి ఉంటుంది, మచ్చల మీదుగా కూడా సాగిపోతుంది. అంటే మచ్చ వచ్చాక రంగు వేశారన్నమాట. ఇంగ్లీషు చిత్రకారులు డేనియల్స్ భారత దృశ్యాల్లాంటివి (1795 నుంచి 1808 వరకు వెలువడిన 144 ఆక్వాటింట్లు, అంటే యాసిడ్‌తో పలక మీద నీటిరంగుల్లాంటి ఛాయలు తెచ్చిన అచ్చులు) మొదటినుంచీ రంగులతోనే అమ్మారు, వాటి దగ్గర రంగు లేకపోతేనే ఆలోచించాలి.

ప్రశ్న: నా దగ్గరున్నవన్నీ నకళ్లే అని తేలింది. తీసేయమంటారా?

జవాబు: అస్సలు వద్దు! లండన్ వీధి అమ్మకందార్ల బొమ్మల వరస, వీట్లీ గీసినవి, 1793 నుంచి 1797 వరకు స్టిపుల్‌లో వచ్చాయి, మొత్తం 13. వాటికి ఆ తర్వాత వచ్చినన్ని నకళ్లు ఇంక దేనికి వచ్చాయో చెప్పడం కష్టం. ఒక్క బొమ్మనే తీసుకుని, దాని స్టిపుల్ అచ్చు, పందొమ్మిదో శతాబ్దపు రంగు లితో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన ఫొటోగ్రావ్యూర్, ఆఫ్‌సెట్ కాలెండరు బొమ్మ పక్కపక్కన పెడితే అదే ఒక చక్కటి సేకరణ. అమెరికా పక్షుల చిత్రకారుడు ఆడుబాన్ పక్షులు కూడా అంతే. ఎక్కువ భాగం లండన్‌లో హావెల్ చెక్కిన 435 పలకల అసలు (1827–1838) ఎంతమందికి దొరుకుతాయి? 1858లో జూలియస్ బీన్ మొదలుపెట్టిన రంగు లితోలు, 1971–72లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అసలు సైజులో వేసిన ముద్రణ నకళ్లే అయినా వాటికంటూ సేకరించేవాళ్లున్నారు. నకలుని నకలుగా చెప్పి, ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో వేశారో రాసిపెట్టుకుంటే దానికి దాని గౌరవం ఉంటుంది. నాకు కోపం తెప్పించేది ఒక్కటే, నకలుని అసలు ధరకి అంటగట్టడం.

ప్రశ్న: ఫొటో చూసి ఆన్‌లైన్‌లో కొనాలి. ఏమడగాలి?

జవాబు: నాలుగు ఫొటోలు అడగండి. కింది అక్షరాలకి బాగా దగ్గరగా ఒకటి, పక్క నుంచి వెలుతురు వేసి ఒకటి, వెనకవైపు మొత్తం ఒకటి, స్కేలు పక్కన పెట్టి ఒకటి. ఫ్రేములోంచి తీయడం కుదరదంటే మీరూ కుదరదనండి. వివరణలో "పాత శైలి" అనో "వింటేజ్" అనో ఉండి సంవత్సరం, పద్ధతి లేకపోతే రెండూ రాతపూర్వకంగా అడిగి, తేడా వస్తే తిరిగి తీసుకుంటారా అని కూడా అడగండి.

ప్రశ్న: పాత పుస్తకంలోంచి పేజీలు చింపి అమ్ముతున్నారు. కొనొచ్చా?

జవాబు: గోడ మీద కనిపించే పాత పూల ప్రింట్లలో ఎక్కువ భాగం ఎప్పుడో పుస్తకాల్లోంచి విడదీసినవే, అవి అలా బయటకొచ్చి తరాలు గడిచాయి, వాటిని కొనడంలో తప్పు లేదు. ఒక అంచున కుట్టు రంధ్రాలు, మధ్యలో మడత ఉంటే అవి అసలుదనానికి మంచి గుర్తులు కూడా. కానీ నిండుగా ఉన్న పుస్తకాన్ని ఇప్పుడు మీ కళ్లముందు విప్పి అమ్ముతుంటే మాత్రం దయచేసి కొనకండి. ఒక్కసారి విడిపోయిన పుస్తకం మళ్లీ కలవదు.

ప్రశ్న: వెనక సెల్లో టేపు అంటించి ఉంది, ముందు మచ్చలున్నాయి. ఇంట్లో శుభ్రం చేసుకోవచ్చా?

జవాబు: వద్దు. నీళ్లు, బ్లీచు, రబ్బరు, లామినేషన్, ఏదీ వద్దు. టేపుని లాగితే కాగితం పై పొర ఊడి వస్తుంది, చేత్తో వేసిన రంగు నీళ్లకి కారిపోతుంది. కాగితాలు బాగుచేసే కన్జర్వేటర్‌కి ఇవ్వండి. అప్పటిదాకా ఫ్రేములోని పాత అట్టముక్క తీసేసి యాసిడ్ లేని కాటన్ బోర్డు పెట్టండి, బొమ్మ అద్దానికి తగలకుండా రెండిటి మధ్యా మౌంటు బోర్డు ఉండాలి, ఎండ పడే గోడ వద్దు. అంటించాల్సి వస్తే పై అంచున రెండు చోట్ల జపనీస్ కాగితం, గోధుమ పిండి జిగురు. వివరాలు రాసుకోవాలంటే మౌంటు బోర్డు వెనక మెత్తటి పెన్సిలుతో రాయండి, ప్రింటు మీద పెన్ను పెట్టకండి.